పార్లమెంటులో బిల్లు ఎక్కడిదాకా వచ్చిందో కనిపెట్టడం ఎలా

టీవీలో 'బిల్లు పాసైంది' అని స్క్రోలింగ్ వస్తే చాలు, హన్మకొండలో గ్రూప్స్‌కు చదివే పిల్లల నోట్సులో అది చట్టమై కూర్చుంటుంది. ఏ సభలో పాసైంది, రాష్ట్రపతి సంతకం అయిందా, అమలు తేదీ ఇచ్చారా అని అడిగితే సగం మంది దగ్గర జవాబు ఉండదు. అందుకే ఏ బిల్లునైనా చూడటం మొదలుపెట్టేటప్పుడు నోటుబుక్కులో ఐదు గళ్లు గీయండి: ప్రవేశపెట్టిన రోజు, మొదటి సభ ఆమోదం, రెండో సభ ఆమోదం, రాష్ట్రపతి ఆమోదం, అమల్లోకి వచ్చిన రోజు.

రాష్ట్ర విభజన బిల్లుతో నింపి చూడండి. లోక్‌సభలో 2014 ఫిబ్రవరి 13న పెట్టారు, 18న మూజువాణి ఓటుతో (సభ్యులు అవును, కాదు అని నోటితో చెప్పే పద్ధతి) అక్కడ గట్టెక్కింది, 20న రాజ్యసభ దాటింది, మార్చి 1న రాష్ట్రపతి ఆమోదం. తెలంగాణ ఏర్పడింది మాత్రం జూన్ 2న. నాలుగో గడికి, ఐదో గడికి మధ్య మూడు నెలలు. ఆ తేదీ చట్టంలో రాసి లేదు. 'నియమిత దినం' అని మాత్రమే రాసి, అదేదో గెజిట్‌లో ప్రకటించే పని కేంద్రానికి వదిలారు. చాలా చట్టాల్లో ఇదే ఏర్పాటు. బిల్లు మొదటి క్లాజు చివర 'కేంద్ర ప్రభుత్వం నోటిఫికేషన్ ద్వారా నిర్ణయించే తేదీ నుంచి' అని కనిపిస్తే, ఐదో గడి ఎప్పటికి నిండుతుందో చెప్పలేమని అర్థం.

సభల సంగతి క్లుప్తంగా. లోక్‌సభలో ఎన్నికయ్యే సభ్యులు 543 మంది. అందులో తెలంగాణవి 17 సీట్లు, వరంగల్ ఎస్సీలకు, మహబూబాబాద్ ఎస్టీలకు రిజర్వు. రాజ్యసభలో 245 మందిలో మనవాళ్లు ఏడుగురు. వీళ్లకు మనం నేరుగా ఓటెయ్యం, 119 మంది ఎమ్మెల్యేలు వేస్తారు. మూడు ఖాళీలకు ఎన్నిక జరిగితే, ఖాళీలకు ఒకటి కలిపి, 119ని నాలుగుతో భాగించాలి. 29.75 వస్తుంది కాబట్టి 30 మొదటి ప్రాధాన్య ఓట్లు పడ్డవాళ్లు ఒడ్డున పడతారు. రాజ్యసభ ఎప్పుడూ రద్దు కాదు, రెండేళ్లకోసారి మూడో వంతు దిగిపోతారు. వరంగల్-ఖమ్మం-నల్గొండ పట్టభద్రుల స్థానం నుంచి గెలిచే ఎమ్మెల్సీకి దీనితో సంబంధం లేదు. ఆయన కూర్చునేది హైదరాబాద్‌లోని శాసన మండలిలో. అసెంబ్లీ పంపిన మామూలు బిల్లును ఆ మండలి మొదట మూడు నెలలు, రెండోసారి ఒక నెల ఆపగలదు, అంతే. రాజ్యసభ సంగతి అలా కాదు. మనీ బిల్లు, అంటే పన్నులు, ఖజానా డబ్బు గురించి మాత్రమే ఉండే బిల్లు, కాకపోతే అది లోక్‌సభతో సమానం.

ఇక బిల్లు కాపీ. సంసద్ డాట్ ఇన్‌లో పీడీఎఫ్ దొరుకుతుంది. మొదటి పేజీ నుంచి చదవకండి, వెనక నుంచి రండి. చివర్లో ఉద్దేశాలు-కారణాల ప్రకటన ఉంటుంది, బిల్లు ఎందుకు తెచ్చారో అందులో మంత్రి సంతకంతో ఉంటుంది. దాని తర్వాత ఆర్థిక మెమొరాండం, ఖజానా నుంచి ఏమైనా ఖర్చయ్యేట్టుంటేనే. ఇంకొకటి, అధికారులు రూల్స్ రాసుకోవడానికి ఏయే క్లాజులు వదిలారో చెప్పేది. ఇవన్నీ చూశాక క్లాజుల్లోకి వెళ్లాలి. సభలో ఉన్నంతవరకు క్లాజు, చట్టమయ్యాక అదే సెక్షన్.

క్లాజుల్లో పట్టుకోవాల్సింది క్రియను. విభజన చట్టం 13వ షెడ్యూలు తీయండి. గిరిజన యూనివర్సిటీ గురించి అక్కడ ఉన్న మాట 'నెలకొల్పాలి'. రైల్ కోచ్ ఫ్యాక్టరీ గురించి ఉన్న మాట 'సాధ్యాసాధ్యాలను పరిశీలించాలి', అదీ నియమిత దినం నుంచి ఆరు నెలల్లో. ఖమ్మం జిల్లా ఉక్కు కర్మాగారానిదీ ఇదే వాక్యం. కోచ్ ఫ్యాక్టరీ అడుగుతున్న కాజీపేట పేరు గానీ, ఉక్కు కర్మాగారం అడుగుతున్న బయ్యారం పేరు గానీ అక్కడ ఉండవు. 'చట్టంలో రాసి ఇచ్చారు కదా' అని ఇన్నేళ్లుగా మైకుల్లో వింటున్నదంతా ఈ రెండు క్రియల తేడా చూడకుండా నడిచిన వాదనే. 'నెలకొల్పాలి' అన్న యూనివర్సిటీకి కూడా మరో బిల్లు కావాల్సి వచ్చింది. ములుగు సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం కోసం కేంద్ర విశ్వవిద్యాలయాల చట్టాన్ని సవరించే బిల్లు 2023 డిసెంబరు 4న లోక్‌సభకు వచ్చింది, 7న అక్కడ, 13న రాజ్యసభలో పాసైంది. సభల్లో పట్టింది పది రోజులు, సభదాకా రావడానికి తొమ్మిదేళ్లు.

మన మాట వినిపించే చోటు స్థాయీ సంఘం, అంటే బిల్లులను పరిశీలించే ఎంపీల కమిటీ. శాఖలవారీ సంఘాలు 24, ఒక్కోదానిలో లోక్‌సభ నుంచి 21 మంది, రాజ్యసభ నుంచి 10 మంది. ప్రతి బిల్లూ వాటికి వెళ్లాలన్న నియమం లేదు, వెళ్తే మాత్రం అభిప్రాయాలు పంపమని పత్రికల్లో ప్రకటన ఇస్తారు. గడువు సాధారణంగా 15 రోజులే. రెండు ప్రతులు, ఇంగ్లీషులో గానీ హిందీలో గానీ అడుగుతారు. తెలుగులో తీర్మానం చేసుకున్న ప్రజా సంఘాలు అనువాదానికి మూడు రోజులు పక్కన పెట్టుకోవాలి. 'ఈ బిల్లు ప్రజావ్యతిరేకం' అని నాలుగు పేజీలు రాస్తే ఎవరికీ పనికిరాదు. క్లాజు నంబరు, ఇప్పుడున్న వాక్యం, దాని బదులు ఉండాల్సిన వాక్యం, ఎందుకో రెండు లైన్లు, అంతే. పంపిన కాపీని ఫేస్‌బుక్‌లో పెట్టొద్దు. అది స్థాయీ సంఘం రికార్డు, బయటపెడితే సభాహక్కుల ఉల్లంఘన కిందకు వస్తుంది.

సభలో సవరణ ప్రతిపాదించాలంటే ఎంపీ కనీసం ఒకరోజు ముందు నోటీసు ఇవ్వాలి. చర్చ మొదలయ్యాక వాట్సాప్ చేస్తే ఏం లాభం? మొదట బిల్లు మొత్తం మీద చర్చ, తర్వాత ఒక్కో క్లాజు మీద ఓటు, చివర ఆమోదం. ఒకటో క్లాజును అన్నిటికన్నా చివర తీసుకుంటారు, టీవీలో చూసేవాళ్లు తికమకపడేది ఇక్కడే. మూజువాణి ఓటు మీద అనుమానం ఉన్న సభ్యులు డివిజన్, అంటే ఓట్ల లెక్కింపు, అడగవచ్చు, అప్పుడే ఎవరెటు వేశారో రికార్డవుతుంది.

రెండు సభలకు పొసగకపోతే, లేదా రెండో సభ ఆరు నెలలు దాటి నాన్చితే, రాష్ట్రపతి ఉమ్మడి సమావేశం పిలవవచ్చు. ఇప్పటికి మూడు బిల్లుల కోసమే అలా జరిగింది: 1961లో వరకట్న నిషేధం, 1978లో బ్యాంకింగ్ సర్వీస్ కమిషన్ రద్దు, 2002లో ఉగ్రవాద నిరోధక చట్టం పోటా. రాజ్యాంగ సవరణకు ఈ దారి లేదు. దానికి ప్రతి సభలోనూ మొత్తం సభ్యుల్లో సగానికి పైన, హాజరై ఓటేసినవాళ్లలో మూడింట రెండొంతులు కావాలి. మనీ బిల్లయితే రాజ్యసభకు 14 రోజులే గడువు, అది చెప్పే సవరణలను లోక్‌సభ పక్కన పెట్టవచ్చు. ఖర్చు ఉన్నంత మాత్రాన ఏ బిల్లూ మనీ బిల్లు కాదు. ములుగు యూనివర్సిటీకి సుమారు 889 కోట్లు అనుకున్నా ఆ బిల్లును రాజ్యసభ మామూలుగానే చర్చించి ఆమోదించింది. మనీ బిల్లు అని స్పీకర్ ఇచ్చే సర్టిఫికెట్ ఉందో లేదో చూస్తే చాలు.

లోక్‌సభ రద్దయితే అక్కడ పెండింగులో ఉన్న బిల్లులన్నీ పోతాయి, ఏ సభలో పుట్టినా సరే. మహిళా రిజర్వేషన్ బిల్లు 2010 మార్చి 9న రాజ్యసభ దాటి కూడా 2014లో అలాగే మురిగిపోయింది, 2023 సెప్టెంబరులో కొత్త బిల్లు తేవాల్సి వచ్చింది. రాజ్యసభలో పుట్టి ఇంకా అక్కడే ఉన్నవి మాత్రం బతికే ఉంటాయి.

ఐదు గళ్లూ నిండాక ఆరోది ఒకటి గీయండి, రూల్స్ కోసం. పౌరసత్వ సవరణ చట్టం 2019 డిసెంబరులో పాసై, 2020 జనవరి 10న అమల్లోకి వచ్చింది. దరఖాస్తు ఎలా పెట్టాలో చెప్పే రూల్స్ 2024 మార్చి 11న గానీ రాలేదు. రూల్స్, నోటిఫికేషన్లు ఈ-గెజిట్ సైట్‌లో, సవరణలతో కలిపిన చట్టం ఇండియా కోడ్ సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి.