స్నాచ్, క్లీన్‌లలో బార్‌ను నేల మీది నుంచి లాగే పద్ధతి

బరంపురం, పర్లాకిమిడి వైపు వ్యాయామశాలల్లో వెయిట్‌లిఫ్టింగ్ మొదలుపెట్టే మన తెలుగు కుర్రాళ్లలో చాలామంది బార్‌ను ఒక్క ఉదుటున గుంజుతారు. స్నాచ్ అంటే బరువు ప్లేట్లు తగిలించిన బార్‌ను ఒకే ఊపులో తల మీదికి ఎత్తడం, క్లీన్ అంటే భుజాల మీదికి ఎత్తడం. రెండింటిలోనూ బార్ మోకాలు దాటేవరకు నిదానంగా లేవాలి. వేగమంతా ఆ తరువాతే. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో 69 కిలోల విభాగంలో స్వర్ణం గెలిచిన బరంపురం వాసి కె. రవికుమార్ వంటి వారి లిఫ్టులను వీడియోలో చూసేటప్పుడు ప్లేట్ల మీది నుంచి చూపు తిప్పి మోకాళ్లను గమనిస్తే ఈ సంగతి తెలుస్తుంది.

పోటీల్లో వాడే పెద్ద ప్లేట్ల వ్యాసం 45 సెంటీమీటర్లు కాబట్టి బార్ నేలకు 22.5 సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది. చిన్న ఇనుప ప్లేట్లతో అది మరీ కిందికి దిగి, దాన్ని అందుకోవడానికి నడుము గుండ్రంగా వంగిపోతుంది. అందుచేత రెండు వైపులా సమానమైన చెక్కదిమ్మలు వేసి ఎత్తు సరిచేసుకున్నాకే సాధన మొదలుపెట్టాలి.

పాదాలను తుంటి వెడల్పున ఉంచి, బొటనవేలిని బార్‌కు ఆనించి, దాని మీదుగా చూపుడువేలు, నడిమివేలు బిగించాలి. ఈ హుక్ గ్రిప్ తొలి వారాల్లో నొప్పి పెడుతుంది. టేపు చుట్టుకోండి గాని పట్టు మార్చకండి.

వీపు బిగించి, భుజాలను బార్‌కు కొద్దిగా ముందుంచి, పాదాలతో నేలను గట్టిగా తొక్కుతూ లేవాలి. తుంటి, భుజాలు కలిసి లేవాలి. తుంటి ముందుగా లేస్తే భారమంతా నడుము మీద పడుతుంది. చేతులు కావడి తాళ్లలాగా బిగువుగా వేలాడితే చాలు, మోచేతులు ముందే వంగితే కాళ్ల బలం బార్‌కు చేరదు. బార్ మోకాళ్లు దాటాక మొండెం నిటారవుతూ మోకాళ్లు మళ్లీ కాస్త వంగి ముందుకొస్తాయి. దీన్ని విడిగా నేర్పాలనుకునే శిక్షకులు ఉన్నారు గాని, బార్ ఒంటికి దగ్గరగా ఉంటే చాలావరకు అదే వస్తుందని నా అభిప్రాయం. ఆ స్థితి నుంచి కాళ్లు, తుంటి ఒక్కసారిగా చాచి, ఆపైన భుజాలు ఎగరేసి, బార్ కిందికి దూరాలి.

బార్ నడిమి భాగానికి సుద్ద రాసి లాగితే నిక్కరు మీద గీత పడుతుంది. స్నాచ్‌లో అది తుంటి మడత దగ్గర, క్లీన్‌లో తొడ పైభాగంలో ఉండాలి. తొడ మధ్యలో పడితే మీరు తొందరపడ్డారన్నమాట. అప్పుడు తేలిక బరువుతో, మోకాలి దగ్గర రెండు సెకన్లు ఆగి, సెట్‌కు మూడేసి లాగులు చేయాలి. మూడింటిలోనూ గీత ఒకే చోట పడేదాకా బరువు పెంచవద్దు.