గ్లూకోజ్ సెన్సార్‌ను ఫోన్‌కు, ఇంటర్నెట్‌కు కలిపే ముందు జాగ్రత్తలు

మధుమేహం ఉన్నవారు చేతికి అంటించుకునే సెన్సార్ రీడింగులు ఇంటర్నెట్ ద్వారా డాక్టరుకూ, దూరాన ఉన్న పిల్లలకూ చేరాలంటే, ప్యాకెట్ విప్పక ముందే కొన్ని పనులు పూర్తి చేసుకోవాలి.

• మీ ఫోన్ మోడలు, అందులోని ఆండ్రాయిడ్ లేదా ఐఓఎస్ వెర్షన్ సెన్సార్ తయారీదారు జాబితాలో ఉన్నాయేమో చూడండి. కొన్ని సెన్సార్లను ఒక ఫోన్‌తో మొదలుపెట్టాక మరో ఫోన్‌కు మార్చడం కుదరదు.

• అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ అలారం మీద పెట్టాలి. ఛార్జింగ్ ఆదా చేయడానికి ఫోన్, సెన్సార్ రీడింగులు చూపే యాప్‌ను ఆపేస్తే, అర్ధరాత్రి గ్లూకోజ్ 70 మి.గ్రా./డె.లీ. కంటే దిగువకు పడిపోయినా అలారం మోగదు. అందుకని యాప్‌కు బ్యాటరీ ఆంక్షలు తొలగించి, బ్లూటూత్, నోటిఫికేషన్ అనుమతులిచ్చి, ఫోన్ సైలెంట్‌లో ఉన్నా శబ్దం వినిపించేలా సెట్టింగులు మార్చండి.

• యాప్‌లో ఖాతాను రోగి సొంత ఈమెయిల్‌తోనే తెరవండి. మందుల షాపువారి ఈమెయిల్‌తో తెరిపించుకోవడం ఎంతమాత్రం మంచిది కాదు, ఎందుకంటే పాస్‌వర్డ్ ఎవరి దగ్గర ఉంటే ఆరోగ్య వివరాలన్నీ వారి చేతిలో ఉన్నట్టే.

• రీడింగులు ఆసుపత్రికి చేరినంత మాత్రాన అక్కడ ఎవరో రాత్రింబవళ్లు వాటిని గమనిస్తున్నారని అనుకోకూడదు. ఎవరు, ఎప్పుడు చూస్తారో, అత్యవసరమైతే ఏ నంబరుకు ఫోన్ చేయాలో ముందే అడిగి రాసిపెట్టుకోండి.

• గ్లూకోమీటరు, స్ట్రిప్పులు ఇంట్లో ఉంచండి. సెన్సార్ కొలిచేది కణాల మధ్య ఉండే ద్రవంలోని గ్లూకోజ్ కాబట్టి, చక్కెర వేగంగా మారుతున్నప్పుడు రీడింగు కొన్ని నిమిషాలు వెనకబడుతుంది. ఒంట్లో లక్షణాలకూ తెరమీది అంకెకూ పొంతన లేకపోతే వేలి నుంచి రక్తం తీసి పరీక్షించుకోవాలి.