కాపర్ టీ వేయించుకునే ముందు, వేయించుకున్నాక మూడు నెలలు: మన వైజాగ్ ఆడవాళ్ళ కోసం జాగ్రత్తలు

మన వైపు ఇద్దరు పిల్లలు పుట్టారంటే చాలు, ఆపరేషన్ చేయించీసుకో అని ఇంట్లో అందరిదీ ఒకటే మాట. 2019-20 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళైన ఆడవాళ్ళలో నూటికి దాదాపు 70 మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళే, గర్భం రాకుండా గర్భసంచిలో పెట్టే కాపర్ టీ వాడేవాళ్ళు నూటికి ఒక్కరు కూడా లేరు. అందుకే ఎవరైనా కాపర్ టీ వేయించుకుందాం అనుకుంటే అడగడానికి మనిషి దొరకదు, అమ్మని అడిగితే నాకేం తెలుసే అంటుంది, అత్తగారిని అడిగితే మా కాలంలో లూప్ వేయించుకున్నవాళ్ళకి నడుం పడిపోయేది, రక్తం కారిపోయేది అని భయపెడతారు. ఆవిడ చెప్పే లూప్ 1965లో మన దేశంలో మొదలైన వంకర్ల ప్లాస్టిక్ లూప్, ఇప్పుడు వేసే కాపర్ టీ అది కాదు. కానీ ఆ భయం మాత్రం అలాగే ఉండిపోయింది.

నేను కాపర్ టీ వేయించుకున్నదాన్నే, మా బంధువుల్లో, గాజువాక, పెందుర్తి వైపు తెలిసినవాళ్ళలో వేయించుకున్నవాళ్ళతో కూడా కూర్చుని మాట్లాడాను, హాయిగా ఉన్నవాళ్ళూ ఉన్నారు, రెండో నెలకే తీయించీసుకున్నవాళ్ళూ ఉన్నారు. అందరి మాటలూ విన్నాక నాకు అనిపించింది ఏంటంటే వేయించుకునే ఆ ఐదు పది నిమిషాల గురించే అందరూ భయపడతారు గానీ అసలు జాగ్రత్త పడాల్సింది ఆ తర్వాత మూడు నెలలు, ఆ మూడు నెలల్లో ఏం జరగొచ్చో ముందే తెలిసినవాళ్ళు తట్టుకున్నారు, ఏమీ అవదమ్మా అని చెప్పి పంపించీసినవాళ్ళే బెంబేలెత్తిపోయారు.

ముందు మనకి సరిపడుతుందా లేదా చూసుకోవాలి. ఎందుకొస్తుందో తెలీని బ్లీడింగ్ ఉన్నా, పొత్తికడుపులో ఇన్ఫెక్షన్ ఉన్నా, వాసనతో తెల్లబట్ట అవుతున్నా, గర్భసంచి ఆకారం మారిపోయేంత ఫైబ్రాయిడ్స్ (గడ్డలు) ఉన్నా ముందు వాటి సంగతి తేల్చుకోవాలి. విల్సన్ జబ్బు అని ఒంట్లో రాగి పేరుకుపోయే జబ్బు ఉంటుంది, చాలా అరుదు, అలాంటివాళ్ళకి కాపర్ టీ పనికిరాదు. మన ఆడవాళ్ళలో ఎక్కువగా ఉండేది రక్తం తక్కువ అవడం, కాపర్ టీతో పీరియడ్స్‌లో బ్లీడింగ్ పెరుగుతుంది కాబట్టి హిమోగ్లోబిన్ టెస్ట్ చేయించుకోకుండా మాత్రం వెళ్ళొద్దు, 12 కంటే తక్కువుంటే రక్తహీనత కిందే లెక్క, బాగా తక్కువుంటే ముందు ఐరన్ మాత్రలు వాడి పెంచుకుని అప్పుడు వేయించుకోండి, లేదా హార్మోన్ ఉండే రకం గురించి అడగండి. మీ ఏరియాలో ఉండే అర్బన్ హెల్త్ సెంటర్‌లోనే ఈ టెస్ట్ చేస్తారు.

రెండు రకాలున్నాయి కదా, ఏది కావాలో ముందే తేల్చుకోవాలి. కాపర్ టీ 380ఏ అయితే 10 ఏళ్ళు, 375 అయితే 5 ఏళ్ళు పనిచేస్తుంది, గవర్నమెంట్ ఆసుపత్రుల్లో ఫ్రీగా వేస్తారు, హార్మోన్లు ఉండవు, రాగి వల్ల వీర్యకణాలు పనిచేయకుండా పోతాయి, అంతే. మిరేనా లాంటివి హార్మోన్ రకం, ప్రైవేట్‌లో వేలల్లో ఖర్చు, మొదటి మూడు నుంచి ఆరు నెలలు చుక్కలు చుక్కలుగా కనబడుతూనే ఉంటుంది, తర్వాత బ్లీడింగ్ బాగా తగ్గిపోతుంది, కొందరికి పీరియడ్సే ఆగిపోతాయి, అది జబ్బు కాదు. ముందు నుంచే ఎక్కువ బ్లీడింగ్ అయ్యేవాళ్ళకి నా ఉద్దేశంలో కాపర్ కంటే ఇదే మేలు, డబ్బు పెట్టగలిగితే. ఏ రకమైనా నూటికి 99 మందికి పైగా గర్భం రాకుండా ఆపుతుంది గానీ హెచ్‌ఐవీ, సుఖవ్యాధుల్ని ఆపదు, ఆ భయం ఉన్నచోట కండోమ్ వాడాల్సిందే.

డెలివరీ అయిన వెంటనే వేసే పద్ధతి గురించి కొంచెం గట్టిగా చెప్పాలి. మాయ పడిన పది నిమిషాల్లోపు గానీ, 48 గంటల్లోపు గానీ వేయొచ్చు, మళ్ళీ ఇంకో రోజు ఆసుపత్రికి తిరగక్కర్లేదు, చాలామందికి అదే అనుకూలం. కానీ దానికి ఒప్పుకోలు నెలవారీ చెకప్‌లకి వెళ్ళినప్పుడే తీసుకోవాలి, నొప్పులు పడుతున్న మనిషిని "వేసీమంటావా" అని అడిగి వేసీకూడదు. మా బంధువుల అమ్మాయికి ఒక ఆసుపత్రిలో డెలివరీ అయ్యింది, వేశారన్న సంగతే ఆ పిల్లకి తెలీదు, నెలలు గడిచాక కడుపునొప్పికి స్కాన్ తీయిస్తే బయటపడింది. అందుకని ఘోషాసుపత్రి అవనీ, కేజీహెచ్ అవనీ, ఏ ప్రైవేట్ నర్సింగ్ హోమ్ అవనీ, కడుపుతో ఉన్నప్పుడే మీ మాట చెప్పండి, కావాలంటే కావాలని, వద్దంటే వద్దని కార్డు మీద రాయించండి, డిశ్చార్జ్ అయ్యే రోజు "నాకేమైనా వేశారా" అని నోరు తెరిచి అడిగి కాగితం మీద చూసుకోండి. కాపర్ టీకి భర్త సంతకం అక్కర్లేదు, అడిగితే అక్కర్లేదని చెప్పండి. ఇంకో సంగతి, డెలివరీ టైమ్‌లో వేసినవి జారిపోయే అవకాశం మామూలు వాటికంటే ఎక్కువ, కాపర్ టీకి కింద వేలాడే దారం కూడా కొన్ని వారాల దాకా కిందకి కనబడదు, సిజేరియన్‌లో వేస్తే అసలు పైనే చుట్టుకుని ఉండిపోవచ్చు, అందుకే ఆరు వారాల చెకప్ మానొద్దు.

మామూలుగా వేయించుకునేవాళ్ళైతే పీరియడ్స్ రోజుల్లో గానీ అయిన వెంటనే గానీ వెళ్తే మంచిది, గర్భం లేదని గ్యారంటీ ఉంటుంది. తేదీ చూసుకునేటప్పుడు ఇంట్లో పూజలూ పెళ్ళిళ్ళూ కూడా చూసుకోండి, ఇది చిన్న విషయం అనుకోకండి, శ్రావణమాసం ముందు వేయించుకుని వరలక్ష్మీవ్రతం నాడు స్పాటింగ్ అవుతుంటే పీటల మీద కూర్చోవాలా వద్దా అని ఏడ్చిన మనిషిని నేను చూశాను, ఆ పట్టింపు ఉన్న ఇళ్ళల్లో దాని వల్లే కాపర్ టీ తీయించీసుకుంటారు. సింహాచలం గిరిప్రదక్షిణ 32 కిలోమీటర్లు నడుద్దాం అనుకునేవాళ్ళు కూడా ఆ వారంలో పెట్టుకోవద్దు, నడిస్తే కాపర్ టీ జారిపోతుందని కాదు, నొప్పీ బ్లీడింగూ ఉన్న ఒంటితో రాత్రంతా నడవడం ఎందుకని.

ఆ రోజు ఖాళీ కడుపుతో వెళ్ళొద్దు. ఇడ్లీయో ఉప్మానో తిని, నీళ్ళు తాగి వెళ్ళండి, ఎందుకంటే గర్భసంచి ముఖద్వారాన్ని ముట్టుకున్నప్పుడు కొందరికి బీపీ పడిపోయి కళ్ళు తిరుగుతాయి, చెమటలు పోస్తాయి. ఒక గంట ముందు ఐబుప్రోఫెన్ మాత్ర వేసుకోవచ్చు, కడుపులో పుండు, ఆస్తమా ఉన్నవాళ్ళు మాత్రం డాక్టర్ని అడిగే వేసుకోవాలి. తోడు ఎవరినైనా తీసుకెళ్ళండి, స్కూటీ మీద ఒక్కరే వెళ్ళి ఒక్కరే వచ్చీడం వద్దు, మద్దిలపాలెం ట్రాఫిక్‌లో కళ్ళు తిరిగితే ఎవరు పట్టుకుంటారు, ఆటోలో రండి.

లోపల ఏం చేస్తారో కూడా తెలిసుంటే సగం భయం పోతుంది. ముందు చెయ్యి పెట్టి గర్భసంచి ఎటు వంగి ఉందో చూస్తారు, తర్వాత దారి తెరిచి పట్టుకోవడానికి చల్లటి స్పెక్యులమ్ పెడతారు, నొప్పి కాదు గానీ ఇబ్బందిగా ఉంటుంది. అప్పుడు మూడు చోట్ల నొప్పి వస్తుంది, ముఖద్వారాన్ని కదలకుండా ఒక పరికరంతో పట్టుకున్నప్పుడు చురుక్కుమంటుంది, సన్నటి కడ్డీతో లోపల లోతు కొలిచినప్పుడు పొత్తికడుపు మెలిపెట్టినట్టు ఉంటుంది, కాపర్ టీ వదిలినప్పుడు ఇంకోసారి అలాగే. నార్మల్ డెలివరీ అయినవాళ్ళకి తక్కువ, సిజేరియన్లు మాత్రమే అయినవాళ్ళకీ పిల్లలు లేనివాళ్ళకీ ఎక్కువ ఉండొచ్చు. "పిల్లల్ని కన్నదానివి, ఇదో నొప్పా" అని కసురుతారు కొన్నిచోట్ల, ఆ మాట విని పళ్ళు బిగబట్టుకుని పడుకోకండి, ఆపమంటే ఆపాలి. 2024లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ కూడా నొప్పి గురించి ముందే చెప్పాలి, మొద్దుబారే మందు లిడోకైన్ వాడొచ్చు అని డాక్టర్లకి సూచనలిచ్చింది, కాబట్టి "మేడమ్, తిమ్మిరి ఇంజెక్షన్ గానీ జెల్ గానీ ఇస్తారా" అని అడగడం గొంతెమ్మ కోరిక కాదు, అడగండి. అయిపోయాక వెంటనే లేచి చెప్పులేసుకోకుండా కాసేపు పడుకోండి.

వచ్చేటప్పుడు కార్డు తప్పకుండా తీసుకోండి. ఏ రకం వేశారు, ఏ తేదీన వేశారు, ఎప్పుడు తీయించాలి అని రాసుంటుంది, ఫోన్‌లో ఫోటో తీసి ఇంట్లో ఇంకొకరికి కూడా పంపండి, కార్డులు పోతాయి, ఇళ్ళు మారతాం.

ఇంక ఆ మూడు నెలలు. మొదటి రెండు మూడు రోజులు నొప్పి, మరకలు మామూలే, వేడినీళ్ళ బ్యాగ్ పెట్టుకోండి. ఒకట్రెండు రోజులు భర్తతో కలవడం వద్దు, రుషికొండ వెళ్ళి సముద్రంలో దిగడం, స్విమ్మింగ్ పూల్ కూడా వద్దు. కాపర్ టీ వేసిన క్షణం నుంచే పనిచేస్తుంది, హార్మోన్ రకం అయితే పీరియడ్ మొదలైన వారంలోపు వేయించుకోకపోతే ఏడు రోజులు కండోమ్ వాడాలి. మొదటి మూడు వారాల్లో ఇన్ఫెక్షన్ వచ్చే అవకాశం కొంచెం ఎక్కువ, జ్వరం, చలి, పొత్తికడుపులో తగ్గని నొప్పి, కంపు వాసన, ఇవి కనబడితే మెడికల్ షాపులో ఏవో మాత్రలు కొనేసి వేసుకోవద్దు, వేసిన చోటికే వెళ్ళండి, రాత్రయితే కేజీహెచ్ క్యాజువాలిటీకి వెళ్ళండి.

పీరియడ్స్ మొదటి మూడు నుంచి ఆరు నెలలు ఎక్కువగా, ఎక్కువ రోజులు అవుతాయి, ఇది ముందే మనసులో పెట్టుకోండి. నొప్పికి మెఫ్తాల్ లాంటివి, బ్లీడింగ్ తగ్గడానికి ట్రానెక్సామిక్ యాసిడ్ మాత్రలు ఉన్నాయి, డాక్టర్ని అడిగి వాడుకోండి, ఊరికే ఓర్చుకుని నీరసపడిపోవద్దు. వరసగా రెండు గంటలు గంటకో ప్యాడ్ నిండిపోతుంటే మాత్రం అది మామూలు కాదు, వెంటనే వెళ్ళాలి.

జారిపోవడం కూడా ఎక్కువగా ఈ నెలల్లోనే, అదీ పీరియడ్స్ టైమ్‌లో జరుగుతుంది, మొదటి ఏడాదిలో నూటికి ఐదుగురికి దాకా జరగొచ్చు, ప్యాడ్‌తో పాటు పడిపోయినా తెలీకపోవచ్చు. అందుకే ప్రతి పీరియడ్ అయ్యాక చేతులు శుభ్రంగా కడుక్కుని, గొంతుక్కూర్చుని, వేలు లోపలికి పెట్టి దారం ఉందో లేదో చూసుకోండి, మన జాలర్లు వలకి వాడే సన్నటి నైలాన్ దారంలా తగులుతుంది. తగిలితే చాలు, లాగొద్దు. దారం ఇదివరకటి కంటే పొడుగ్గా తగిలినా, గట్టి ప్లాస్టిక్ ముక్క చేతికి తగిలినా, అసలు తగలకపోయినా కండోమ్ వాడుకుంటూ డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. దారం తగలకపోతే కాపర్ టీ గుండెలోకి వెళ్ళిపోయిందని ఎవరో అంటారు, అలా వెళ్ళదు, చాలాసార్లు దారమే పైకి ముడుచుకుని ఉంటుంది, స్కాన్‌లో తెలిసిపోతుంది, స్కాన్‌లో కనబడకపోతే పొట్టకి ఎక్స్‌రే తీస్తారు. గర్భసంచికి చిల్లు పడటం వెయ్యి మందిలో ఒకరికి జరుగుతుంది, పాలిచ్చే తల్లుల్లో కొంచెం ఎక్కువ, అందుకే చెయ్యి తిరిగిన డాక్టర్ దగ్గర వేయించుకోమనేది. మెన్‌స్ట్రువల్ కప్ వాడే అమ్మాయిలు కప్ అంచు నొక్కి గాలి వదిలాకే తీయాలి, ఒక్కసారిగా లాగితే కాపర్ టీ కూడా వచ్చేయొచ్చు. ఇంట్లో ఆయనకి దారం గుచ్చుకుంటోంది అంటే డాక్టర్ కొంచెం కత్తిరిస్తారు, దాని కోసం మొత్తం తీయించీయక్కర్లేదు.

పీరియడ్ తప్పితే మాత్రం కాపర్ టీ ఉంది కదా అని ఊరుకోకండి. ఆ రోజే కిట్‌తో టెస్ట్ చేసుకోండి, పాజిటివ్ వస్తే అదే రోజు స్కాన్‌కి వెళ్ళండి, ఎందుకంటే ఇది ఉండగా గర్భం రావడం అరుదే గానీ వస్తే అది గర్భసంచిలో కాకుండా ట్యూబ్‌లో వచ్చిందేమో చూడాలి. ఒక పక్క పొత్తికడుపులో పోటు, భుజం నొప్పి, కళ్ళు తిరగడం ఉంటే 108కి ఫోన్ చేయడమే, ఆటో కోసం చూడొద్దు.

తీయించుకోవడం మీ ఇష్టం, గడువు అయ్యేదాకా ఉంచుకోవాలని రూలేం లేదు. "ఇంకో రెండు నెలలు చూడమ్మా" అని తిప్పి పంపిస్తారు కొన్నిచోట్ల, చూడగలిగితే చూడండి, లేదంటే నాకొద్దు తీసీండి అని గట్టిగా చెప్పండి, తీయడం వెయ్యడం కంటే చాలా తేలిక. సొంతంగా లాగడం, తెలిసినావిడ చేత లాగించడం మాత్రం చేయొద్దు. పీరియడ్స్ పూర్తిగా ఆగిపోయిన పెద్దవాళ్ళు ఏడాది దాటాక తీయించీసుకోవాలి, ఎప్పుడో వేయించుకుని మర్చిపోయినవాళ్ళు మన ఇళ్ళల్లోనే ఉంటారు, అమ్మనీ పిన్నినీ ఒకసారి అడగండి. ఇంకా పిల్లలు వద్దనుకుంటూనే తీయించుకునేవాళ్ళు తీసే వారం ముందు నుంచే కండోమ్ వాడాలి, తీసిన వెంటనే గర్భం రావొచ్చు, వారం క్రితం కలిసిన దానికి కూడా రావొచ్చు, ఈ మాట చాలామంది నర్సులు చెప్పరు.