మినీ ట్రాక్టరును తరలించడానికి ట్రాలీని ఎంచుకోవడం ఎలా?

ఉద్దానంలో కొబ్బరి, జీడి మొక్కల వరుసల మధ్య దున్నడానికి మినీ ట్రాక్టరు ఎంతో అనువైనది. అయితే పని ఉన్న తోటలు నాలుగు ఊళ్లలో చెదిరి ఉన్నప్పుడు దానిని పెద్ద ట్రాక్టరు వెనుక ట్రాలీపై ఎక్కించి తీసుకువెళ్లవలసి వస్తుంది. ఆ ట్రాలీని కొనేటప్పుడు పొడవు, ధర కన్నా ముందు బరువును, బ్రేకును చూడాలి.

కంపెనీ పుస్తకంలో ఉండే బరువు సాధారణంగా ఒట్టి ట్రాక్టరుది. రోటవేటరు (వెనుక తగిలించే, నేలను గుల్ల చేసే పరికరం), ముందు తగిలించిన ఇనుప దిమ్మలు, టైర్లలో నింపిన నీరు అందులో చేరవు. కనుక పనికి వెళ్లేటప్పుడు ఎలా ఉంటుందో అలాగే దానిని దగ్గరలోని రైసుమిల్లు కాటాపై తూయించడం మేలు. ఉదాహరణకు అది 1,100 కిలోలు తూగి, ట్రాలీ సొంత బరువు 700 కిలోలైతే మొత్తం 1,800 కిలోలవుతుంది. గతుకుల రోడ్లను దృష్టిలో ఉంచుకుని నాలుగో వంతు కలుపుకుంటే, ఇరుసు, హుక్కు, అన్నీ కలిపి టైర్లు దేనికది కనీసం 2,250 కిలోలకు తట్టుకునేవై ఉండాలి.

మన ప్రాంతంలో షెడ్లలో కట్టించే ట్రాలీలకు చాలావరకు బ్రేకులు ఉండవు. సమతలంపై ఆ లోటు తెలియదు గానీ, శృంగవరపుకోట దాటి అరకు ఘాట్ వైపు వెళ్లి దిగేటప్పుడు వెనుక బరువు ట్రాక్టరును తోసి, మలుపులో దానిని అడ్డంగా తిప్పేస్తుంది. లాగే ట్రాక్టరు నెమ్మదించగానే ట్రాలీ ముందుకు జరిగే ఒత్తిడితో దానంతటదే పట్టే బ్రేకు ఉన్న ట్రాలీకి కొంత ఎక్కువ చెల్లించడం దండుగ కాదని నా గట్టి అభిప్రాయం. లాగే ట్రాక్టరుకు ఎడమ, కుడి చక్రాలకు వేరువేరుగా ఉండే రెండు బ్రేకు పెడళ్లనూ రోడ్డుపై తప్పనిసరిగా కలిపి ఉంచాలి.

పాత ట్రాలీ అయితే వెల్డింగును దగ్గరగా పరిశీలించాలి. సముద్రపు ఉప్పుగాలికి తుప్పు త్వరగా పడుతుంది, కొత్త రంగు దానిని దాచేస్తుంది. ట్రాలీని లాగే ముందు కడ్డీ (డ్రాబార్) అడుగు చట్రాన్ని (ఛాసిస్‌ను) కలిసే చోట రంగు, తుప్పు గీకించి, కిరోసిన్ రాసి, కాసేపాగి శుభ్రంగా తుడిచి, సుద్దపొడి పూయాలి. పగులు ఉంటే లోపల నిలిచిన కిరోసిన్ ఊరి, సుద్దపై సన్నని తడి గీత తేలుతుంది. ఆ గీత కనిపిస్తే బేరమాడవలసిన పనే లేదు. టైరు పక్కన ఉండే నాలుగు అంకెలు దాని వయసు చెబుతాయి: 2319 అని ఉంటే అది 2019లో 23వ వారంలో తయారైనదని అర్థం.

ట్రాలీ బల్ల ఎత్తు రెండు అడుగులైతే, ట్రాక్టరును ఎక్కించే ర్యాంపు పొడవు కనీసం ఎనిమిది అడుగులు ఉండాలి. అంతకన్నా నిటారుగా ఉంటే, వెనుక రోటవేటరు వేలాడుతున్న మినీ ట్రాక్టరు ముందు చక్రాలు లేచి వెనక్కి పల్టీ కొట్టే ప్రమాదం ఉంది. వానలో జారకుండా ర్యాంపుకు అడ్డపట్టీలు, బల్లకు చెక్కర్ ప్లేటు (ఉబ్బెత్తు గీతలున్న ఇనుప రేకు) ఉండాలి. రెండు చక్రాల ట్రాలీపై ట్రాక్టరును ఇరుసుకు కాస్త ముందుగా నిలపాలి. బరువు వెనక్కి పడితే ట్రాలీ ఊగుతుంది. నాలుగు మూలలా ఛాసిస్‌కు వెల్డు చేసిన కొక్కేలు లేని ట్రాలీ వద్దు. గొలుసులు మినీ ట్రాక్టరు ఇరుసుకూ దాని సొంత డ్రాబార్‌కూ వేయాలి గానీ, స్టీరింగు రాడ్డుకు ఎన్నడూ వేయరాదు. కొబ్బరితాడు, నైలాన్ తాడు ఈ పనికి చాలవు.

రిజిస్ట్రేషన్ కాగితాలలోని బరువు మీ లెక్కకు సరిపోవాలి, వెనుక లైట్లు, ఇండికేటర్లు, ఎర్ర రిఫ్లెక్టర్లు పనిచేయాలి. 16వ నంబరు జాతీయ రహదారిపై చీకటి పడ్డాక వెనుక వచ్చే లారీకి కనిపించేవి అవే.

డబ్బు చెల్లించే ముందు బరువుతో అయిదారు కిలోమీటర్లు లాగించి ఆపండి. గొలుసులు వదులైతే తిరిగి బిగించి, ట్రాలీ చక్రాల మధ్య భాగాలైన రెండు హబ్‌ల దగ్గరా అరచేయి పెట్టి చూడండి. ఒకటి గోరువెచ్చగా ఉండి రెండోది చేయి పెట్టలేనంత కాలుతుంటే బేరింగు పోయిందో, బ్రేకు పట్టేసిందో తేల్చి, బాగు చేయించిన తరువాతే బేరం ముగించండి.