సిరోంచ నుంచి కేదార్‌నాథ్ నడకకు వెళ్తున్నారా? ముందు ఈ పరీక్ష చేయించుకోండి

మే నెలలో ప్రాణహిత ఒడ్డున మనం ఎండకు మాడిపోతుంటే, కేదార్‌నాథ్‌లో రాత్రిపూట వేళ్లు కొంకర్లు పోయే చలి ఉంటుంది. చలికైతే అందరూ సిద్ధపడే వెళ్తారు. నాకు భయం గాలి గురించి. గుడి 3,583 మీటర్ల ఎత్తులో ఉంది. ఇక్కడ మనకు అందే ఆక్సిజన్‌లో అక్కడ దాదాపు మూడింట రెండు వంతులే అందుతుంది.

అందుకే రైలు టికెట్ కంటే ముందు సికిల్ సెల్ (రక్తకణాలు కొడవలిలా వంగిపోయే, పుట్టుకతో వచ్చే జబ్బు) పరీక్ష. మన గడ్చిరోలి జిల్లాలో ఈ జబ్బు ఎంత ఉందో అందరికీ తెలుసు. జబ్బు ఉన్నవాళ్లు అంత ఎత్తుకు వెళ్లకపోవడమే మంచిది. జబ్బు లేకుండా, దాని జన్యువును మాత్రం మోస్తున్నవాళ్ల (డాక్టర్లు దీన్ని ‘ట్రెయిట్’ అంటారు) విషయం వేరు. ఊళ్లో పొలం పనులు చేస్తారు, బరువులు మోస్తారు, ఏ ఇబ్బందీ ఉండదు. ఎత్తులో ఆక్సిజన్ తగ్గి, ఒంట్లో నీరు కూడా తగ్గితే రక్తకణాలు కొడవలిలా వంగి ప్లీహానికి (స్ప్లీన్‌కు) రక్తం అందకుండా అడ్డుపడవచ్చు. అప్పుడు ఎడమ పక్కటెముకల కింద పొడిచినట్టు నొప్పి వస్తుంది. చాలామంది దాన్ని గ్యాస్ అనుకుని మాత్ర వేసుకుని పడుకుంటారు. దయచేసి అలా చేయకండి, వెంటనే కిందికి దిగి ఆసుపత్రికి వెళ్లండి. పరీక్షలో ఆ ట్రెయిట్ ఉందని తేలితే, ప్రయాణం పెట్టుకోవాలో వద్దో డాక్టర్‌తో మాట్లాడాకే నిర్ణయించుకోండి.

పూర్వం యాత్రికులు రిషీకేశ్ నుంచే నడిచేవారు, దారిలో చట్టీల (యాత్రికుల మజిలీల) దగ్గర రాత్రులు ఆగేవారు. ఎత్తుకు ఒళ్లు దానంతటదే అలవాటు పడేది. ఇప్పుడు జీపులో గౌరీకుండ్‌కు చేరి, మర్నాడే 16 కిలోమీటర్ల నడకలో 1,600 మీటర్లు ఎక్కేస్తున్నారు. సెలవులు లేవని తొందరపడొద్దు. గుప్తకాశీలో ఒక రాత్రి, గౌరీకుండ్‌లో ఒక రాత్రి పడుకోండి. దారిలో లించోలీలో ఆగే వీలుంటే ఇంకా మేలు. హెలికాప్టర్‌లో వెళ్తే కాళ్లకు శ్రమ తప్పుతుందే కానీ, ఎత్తుకు అలవాటు పడే సమయం అసలే ఉండదు.

తలనొప్పి, వాంతులు మొదలైతే ఇంకా పైకి ఎక్కొద్దు. కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా, నడకలో తూలుతున్నా, మాట పొంతన లేకపోయినా అర్ధరాత్రి అయినా సరే దింపాల్సిందే. దర్శనం కాలేదని అక్కడే ఉండిపోవడం ప్రాణం మీదికి తెస్తుంది. ఎత్తు వల్ల వచ్చే జబ్బుకు వాడే డయామాక్స్ మాత్ర డాక్టర్‌ను అడగకుండా వాడొద్దు. సల్ఫా మందులు పడనివాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి. జ్వరం వస్తే మలేరియా ఉన్న జిల్లా నుంచి వచ్చామని అక్కడి డాక్టర్‌కు చెప్పండి. ఆయనకు ఆ అనుమానం రాకపోవచ్చు.

కంచరగాడిదలు ఎదురైతే కొండవైపు ఆనుకుని నిలబడండి, లోయవైపు వద్దు. కాటన్ బట్టలు తడిస్తే ఆరవు, లోపల ఉన్నివి వేసుకోండి. కొత్త బూట్లను నెల ముందు నుంచే తొడుక్కుని నడవండి. జూలై, ఆగస్టుల్లో కొండచరియలు విరిగిపడతాయి కాబట్టి ఆ రెండు నెలలూ వదిలేయండి. వానాకాలం వెళ్లాక, సెప్టెంబర్ చివర నుంచి దారి నయం. యాత్ర రిజిస్ట్రేషన్ ఇంటి దగ్గరే పూర్తి చేసుకుని, ఆ కాగితంతో పాటు సికిల్ సెల్ రిపోర్టు కూడా జేబులో పెట్టుకోండి.