నాఫ్లియోలో ఒక రోజు నడక: నెల్లూరు నుంచి వెళ్లేవాళ్లకు

ఏథెన్స్ దాకా వెళ్తున్నవాళ్లు ఒక రోజు మిగుల్చుకుని నాఫ్లియో కూడా చూసి రండి. గ్రీసు దక్షిణాన ఉన్న పెలొపొనీస్ ద్వీపకల్పంలో సముద్రం ఒడ్డున ఉన్న పాత రేవు పట్టణం ఇది. 1834లో ఏథెన్స్‌కు మారేదాకా కొత్త గ్రీసు దేశానికి రాజధాని ఇదే. ఏథెన్స్‌లోని కిఫిసోస్ బస్‌స్టాండ్ నుంచి బస్సులో రెండు, రెండున్నర గంటలు పడుతుంది. ముందు రోజు సాయంత్రానికే చేరి అక్కడే పడుకోండి. ఈ నడకలో ఏది ముందు, ఏది తర్వాత అన్నది ఎండను బట్టే ఉంటుంది.

మొదట పలమిడి కోట ఎక్కాలి. 216 మీటర్ల కొండ మీద వెనిస్ వాళ్లు 1711 నుంచి 1714 దాకా కట్టిన కోట అది. కొండ ఊరికి తూర్పున ఉంది, మెట్లు ఊరి వైపు ఉన్నాయి. అందుకే పొద్దున్నే మెట్ల మీద కొండ నీడ ఉంటుంది. మధ్యాహ్నం దాటాక అవే మెట్ల మీద ఎండ నేరుగా పడుతుంది, దారిలో నిలబడటానికి చెట్టు నీడ కూడా పెద్దగా దొరకదు. టిఫిన్ చేసి, ఊరు తిరిగి, తీరిగ్గా ఎక్కుదాంలే అనుకున్నవాళ్లే సగంలో వెనక్కి తిరుగుతారు.

రోహిణి కార్తె ఎండలు చూసినవాళ్లం, మనకిదొక లెక్కా అనుకోవద్దు. మైపాడు ఒడ్డున ఉక్కపోతకు చొక్కా తడిసి ముద్దవుతుంది, నీళ్లు తాగాలని మనకే తెలుస్తుంది. అక్కడ వేసవి గాలి పొడిగా ఉంటుంది కాబట్టి చెమట పట్టినట్టే తెలియదు. దాహం వేసే సరికే తల తిరగడం మొదలవుతుంది. మనిషికి లీటరున్నర నీళ్లు పట్టుకెళ్లి, దాహం ఉన్నా లేకపోయినా మధ్యమధ్యలో రెండు గుక్కలు తాగుతుండాలి.

మెట్లు 999 అని అందరూ చెబుతారు గానీ లెక్కపెడితే అంతకన్నా తక్కువే వస్తాయి. ఉదయగిరి కోట ఎక్కినవాళ్లకు ఇవి కష్టం కాదు. కాకపోతే రాళ్లు అరిగి నున్నబడ్డాయి, చెప్పులు పనికిరావు, పట్టున్న బూట్లు వేసుకోండి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు టాక్సీలో పైకెళ్లి మెట్ల మీదుగా దిగుదామనుకుంటారు. దిగేటప్పుడే మోకాలి మీద ఎక్కువ బరువు పడుతుంది. వెనకవైపు రోడ్డుంది, రానూపోనూ టాక్సీయే మాట్లాడుకోండి. పైన స్వాతంత్ర్య యోధుడు కొలొకొత్రోనిస్‌ను బంధించిన గది అని ఒకటి చూపిస్తారు. దాని వాకిలి ఎంత చిన్నదంటే, నడుం పూర్తిగా వంచితే గానీ లోపలికి పోలేం.

కిందికి వచ్చాక పాత ఊళ్లో సెయింట్ స్పిరిడాన్ చర్చి వెతుక్కోండి. గ్రీసు మొదటి పాలకుడు కపోదిస్త్రియాస్‌ను 1831 అక్టోబర్ 9న దీని గుమ్మం దగ్గరే కాల్చి చంపారు. గుమ్మం పక్క గోడలో తూటా దిగిన గుంట ఇప్పటికీ ఉంది, దానికి అద్దం బిగించారు. చిన్న గుంటే, తొందరలో ఉంటే దాటిపోతారు. చర్చిలోకి వెళ్లేటప్పుడు మన గుళ్లలోలా చెప్పులు విప్పక్కర్లేదు, భుజాలూ మోకాళ్లూ కప్పుకుంటే చాలు.

ఎండ ముదిరే వేళకు సింటగ్మా చౌక్‌లోని మ్యూజియంలోకి వెళ్లిపోండి. దెంద్రా ఊళ్లోని సమాధిలో 1960లో బయటపడిన కంచు కవచం అక్కడుంది, దాదాపు 3,400 ఏళ్ల నాటిది. మెడ నుంచి తొడల దాకా రేకులు ఒకదాని మీద ఒకటి ఎలా కూర్చారో దగ్గరగా నిలబడి చూడండి. ఆ పక్కనే అడవిపంది కోరలతో చేసిన శిరస్త్రాణం ఉంటుంది. మ్యూజియానికి వారంలో సెలవు ఎప్పుడో ముందే కనుక్కోండి.

సాయంత్రం ఎండ తగ్గాక అర్వనీతియా బీచ్ నుంచి కొండ అంచునే రేవుకు నడవండి. కిలోమీటరు దారి, ఒకపక్క సముద్రం, ఇంకోపక్క రాతిగోడ, దాని మీద మన చేలగట్ల మీద ఉండేలాంటి నాగజెముడు. రాళ్లు జారిపడితే ఈ దారి మూసేస్తారు. కంచె కనిపిస్తే దాటకుండా ఊళ్లోంచి వెళ్లండి. దారి చివర నీళ్ల మధ్యలో బూర్జి కోట కనిపిస్తుంది, పొద్దు వాలే వేళకు అక్కడుండేలా చూసుకోండి.

రేవు హోటళ్లలో చేప ధర చాలావరకు కిలో లెక్కన రాసి ఉంటుంది, ప్లేటు లెక్కన కాదు. బిల్లు చూసి గుండె గుభేలుమనేది ఇక్కడే. చేపను మీ కళ్లముందే తూచమని, ఎంతవుతుందో అడిగాకే వండమనండి. శాకాహారులు ‘నిస్తీసిమో’ అని అడిగితే మాంసం, గుడ్డు, పాలు లేనివి పెడతారు. కానీ వాళ్ల ఉపవాసానికి రొయ్యలూ పీతలూ అడ్డు కావు కాబట్టి అవి కూడా వద్దని విడిగా చెప్పాలి. ఇంకొకటి, ‘నే’ అంటే వాళ్ల భాషలో అవునని. కాదనడానికి ‘ఓహి’ అనాలి.