సీరియల్ పోర్టుల డివైస్ ట్రీ ఫైళ్లు: ఏది ఎక్కడ రాయాలి

నల్లగొండ దగ్గర ఓ బత్తాయి తోటలో బోరు మోటారు కోసం చిన్న లినక్స్ బోర్డు తయారు చేస్తున్నారనుకుందాం. దాని మీద మూడు సీరియల్ పోర్టులు వాడుతున్నారు: ఒకటి కన్సోల్‌కి, ఒకటి ఆర్ఎస్-485 చిప్ ద్వారా కరెంటు మీటరుకి, ఇంకోటి బ్లూటూత్ చిప్‌కి. వీటి వివరాలన్నీ ఒకే డివైస్ ట్రీ ఫైల్లో (బోర్డు మీద ఏ హార్డ్‌వేర్ ఎక్కడుందో లినక్స్ కెర్నల్‌కి చెప్పే ఫైలు) కుక్కేసినా బోర్డు బూట్ అవుతుంది, కానీ రేపు అదే ప్రాసెసర్‌తో మహబూబ్‌నగర్‌లో ఎవరికో ఇంకో బోర్డు చేయాల్సి వస్తే కాపీ పేస్ట్ తప్ప దారి ఉండదు.

ప్రాసెసర్ చిప్ లోపల ఉన్నదంతా డీటీఎస్ఐ ఫైల్లో (ఆ ప్రాసెసర్ ఉన్న బోర్డులన్నీ కలిసి వాడుకునే ఫైలు) రాయండి. ప్రతి యూఆర్ట్‌కి (సీరియల్ పోర్టును నడిపే చిప్ లోపలి భాగం) అడ్రస్, ఇంటరప్ట్, క్లాక్ అక్కడే ఇచ్చి, చివరి లైన్లో స్టేటస్‌ని డిసేబుల్డ్ అని పెట్టండి. బోర్డు మీద నిజంగా వైర్లు వేసిన పోర్టులను మాత్రమే బోర్డు డీటీఎస్‌లో, అంటే ఆ ఒక్క బోర్డుకి రాసే ఫైల్లో, స్టేటస్ మార్చి ఓకే చేయాలి. పిన్‌కంట్రోల్ (ఏ పిన్ ఏ పనికో చెప్పేది), కన్సోల్ ఏ పోర్టో చెప్పే ఎస్‌టీడీఔట్-పాత్, సీరియల్0, సీరియల్1 అనే అలియాస్‌లు కూడా బోర్డు ఫైల్లోనే ఉండాలి. అలియాస్‌లు రాయకపోతే పోర్టుల నంబర్లు అటూ ఇటూ మారే ప్రమాదం ఉంది, అప్పుడు మీటర్ చదివే ప్రోగ్రాం వేరే పోర్టు తెరుస్తుంది.

ఎక్కువ మంది ఇరుక్కునేది ఆర్ఎస్-485 దగ్గర. పంపడానికీ వినడానికీ ఒకే జత వైర్లు కాబట్టి చాలా బోర్డుల్లో చిప్ దిశను ఆర్‌టీఎస్ పిన్ మారుస్తుంది. బోర్డు ఫైల్లో ఆ పోర్టు కింద "లినక్స్,ఆర్ఎస్485-ఎనేబుల్డ్-ఎట్-బూట్-టైమ్" రాస్తే, డ్రైవర్‌లో సపోర్ట్ ఉంటే, ఆ పని మొదటి నుంచే కెర్నల్ చూసుకుంటుంది, లేదంటే ప్రోగ్రామే ఐఓసీటీఎల్ అనే సిస్టమ్ కాల్‌తో కెర్నల్‌ని అడగాలి. రెండూ లేకపోతే మీటర్ పలకదు, మనం కేబుల్‌ని అనుమానిస్తూ కూర్చుంటాం.

బ్లూటూత్ చిప్‌ని మాత్రం దాని యూఆర్ట్ కింద చైల్డ్ నోడ్‌గా (యూఆర్ట్ వివరాల లోపలే ఇంకో బ్లాకుగా) రాయండి. అలా రాసిన పోర్టుకి ప్రోగ్రాములు తెరిచే మామూలు టీటీవై ఫైల్ కనిపించదు, అందుకే ప్రోగ్రాం నుంచి నేరుగా చదవాల్సిన మీటరుకి ఈ పద్ధతి పనికిరాదు.

కొత్త యూఆర్ట్ అయితే దాని యామల్ స్కీమాని (నోడ్‌లో ఏమేం రాయాలో చెప్పే నియమాల ఫైలు) కెర్నల్ సోర్సులో డాక్యుమెంటేషన్‌లోని డివైస్‌ట్రీ బైండింగ్స్ కింద సీరియల్ ఫోల్డర్‌లో, కంపాటిబుల్ (హార్డ్‌వేర్ ఏదో గుర్తించడానికి నోడ్‌లో రాసేది) పేరుతోనే పెట్టండి. అందులో హార్డ్‌వేర్ గురించే రాయాలి, మీ డ్రైవర్ సౌకర్యాల గురించి కాదు. బ్లూటూత్ చిప్ స్కీమా ఇక్కడ కాదు, నెట్ కింద బ్లూటూత్ ఫోల్డర్‌లో ఉంటుంది. డీటీస్కీమా అనే తనిఖీ టూల్ ఇన్‌స్టాల్ చేసుకుని, స్కీమాకి మేక్ డీటీ_బైండింగ్_చెక్, బోర్డు ఫైళ్లకి మేక్ డీటీబీఎస్_చెక్ నడపండి. వార్నింగులు పోయాక స్కీమాని డ్రైవర్‌తో కలపకుండా విడి ప్యాచ్‌గా, సిరీస్‌లో డ్రైవర్ కంటే ముందు ఉండేలా పంపండి.